పసుపు పూసిన బ్యాటరీలు

ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. దేని మీద ఒట్టు పెట్టమంటారో మీరే చెప్పండి. పిల్లల మీద ఒట్టు పెడితే ఊరుకోనని నా భార్య ఎప్పుడో తేల్చి చెప్పింది. తన మీద పెడితే అసలే ఊరుకోదు. ఇంటిదేవుణ్ణి నీ కథల్లోకి లాగొద్దని మా అమ్మ మాట తీసుకుంది. చివరికి నాకు మిగిలింది రేకులకు స్క్రూలు బిగించే నా ఆకుపచ్చ మిషన్ ఒక్కటే. దాని మీద చెయ్యి వేసి చెబుతున్నాను. మా ఇంట్లో పొయ్యి వెలిగేది దానితోనే కాబట్టి ఇదేమీ చిన్న ఒట్టు కాదు.

ఎర్రగుంట్లలో నేనూ నా బామ్మర్దీ కలిసి రేకుల షెడ్లు వేస్తాం. బామ్మర్ది అంటే నా భార్యకు తమ్ముడు, పనిలో నాకు భాగస్తుడు, నేను ఏ కథ మొదలుపెట్టినా మధ్యలో అడ్డుపడి పాడుచేసే మనిషి. లారీ షెడ్లు, గొర్రెల కొట్టాలు, పొలాల్లో మోటారు గదులు, ఏది చెప్పినా వేస్తాం. మేం పనికి పోయే చోట్లలో సగానికి కరెంటే ఉండదు. ఉన్నచోట మేం నిచ్చెన ఎక్కగానే పోతుంది. అందుకని వైర్ల మిషన్లు ఇంట్లో పడేసి బ్యాటరీ మిషన్లు కొన్నాం. నాది ఆకుపచ్చది, వాడిది పసుపుపచ్చది. రెండూ పెద్దవే, స్క్రూను రేకులోంచి కింది ఇనుప పైపులోకి ఒక్క ఊపులో దించేస్తాయి. చిన్నాచితకా బెజ్జాలకు ఇంకో చిన్న డ్రిల్లు కూడా ఉంది.

వాటితో వచ్చిన బ్యాటరీలు మా ఎండలకు ఎక్కువ కాలం ఆగలేదు. కర్నూల్లో ఒక అంగడాయన డూప్లికేటువి చూపించాడు. అన్నీ నల్లవే, అన్నీ ఒకే అచ్చులో పోసిన ఇటుకల్లా ఉన్నాయి. చూడటానికే అలా. ఒకదాని గాడి ఇంకో మిషన్‌కు పట్టదు. గాడి పట్టినా లోపలుండే రాగి నాలుకలు కలవవు. అన్నీ కలిసినా లోపల సెల్లులు వేరుగా ఉండొచ్చు, అప్పుడు ఛార్జరు వేరే కావాలి.

"ఏది దేనిదో గుర్తెట్ల భాయ్?" అని అడిగాను.

"రంగు టేపు చుట్టుకో సాబ్. నా ఇంట్ల గూడా అదే కత" అన్నాడాయన.

ఆ మాట ప్రకారం నా మిషన్ బ్యాటరీలకు ఆకుపచ్చ టేపు, వాడిదానికి పసుపు టేపు, చిన్న డ్రిల్లుదానికి ఎర్ర టేపు చుట్టాం. ఛార్జర్లకూ అదే రంగుల్లో చుట్టాం. ఆ టేపులున్నంత కాలం కళ్లు మూసుకుని పని చేసుకున్నాం. ఊడిపోయింది ఆయుధపూజ నాడు.

మా ఇంట్లో ఆయుధపూజ చాలా గట్టిగా జరుగుతుంది. నిచ్చెన దగ్గర్నుంచి టేపుకొలత దాకా అన్నింటినీ తుడిచి వరండాలో వరసగా పెడతాం. ఆ ఏడు బామ్మర్దికి కొత్త అనుమానం వచ్చింది.

"బావా, బ్యాటరీ తగిలించే పూజ చేస్తే ఎట్ల? కాడి దించకుండానే ఎద్దులకు బొట్టు పెడతామా? పీకి పక్కన పెట్టు. ఒక్క దినమన్నా రెస్టు తీసుకోనీ."

నాకు ఆ మాట తెగ నచ్చింది. మంచి మాట ఎవరన్నా చెబితే దానికి ఇంకాస్త తోక తగిలించకుండా నేను ఉండలేను. "అవున్రా. ఛార్జింగు గూడా పెట్టొద్దు. పూజ దినం ఉపాసం ఉండల్ల" అన్నాను. వాడు నిజమేననుకుని అన్నింటినీ పీకి, ఛార్జర్ల వైర్లు చుట్టి, వరసలో పెట్టేశాడు.

తర్వాత నా భార్య వచ్చింది. "ఏందయ్యా ఈ జిడ్డు టేపులు? దేవుని ముందర పెట్టే వస్తువుకు ఈ మసిపీలికలేంది?" అని ఒక్కొక్క టేపూ గీకి పారేసి, కిరసనాయిలు గుడ్డతో రుద్ది, నల్లగా నిగనిగలాడేట్టు చేసింది. నేను అప్పుడు టెంకాయ పీచు తీస్తూ పక్క వీధి మనిషికి ఏదో కథ చెబుతున్నాను. చూడలేదు.

తుడిచాక ఆమెకు ఒక ధర్మసందేహం వచ్చిందట. మిషన్‌కు ముందూ వెనకా తెలుస్తుంది. బ్యాటరీకి ముఖం ఎటువైపు? తిప్పి తిప్పి చూసింది. ఒకవైపు సన్నటి చీలికలు, వాటి లోపల రాగి నాలుకలు కనిపించాయి. నోరున్నవైపే కదా ముఖం ఉండేది! అక్కడే తడి పసుపు మెత్తి, కుంకుమ పెట్టింది. పెట్టిన చెయ్యి ఉదారమైనది. ఛార్జర్లక్కూడా నోళ్లు వెతికి మరీ పెట్టింది. సాయంత్రం హారతి వెలుగులో నల్లటి బ్యాటరీలు పచ్చటి ముఖాలతో పేరంటానికి వచ్చిన ఆడవాళ్లలా కూర్చుంటే, ఎంత కళగా ఉన్నాయోనని నేనే మెచ్చుకున్నాను.

దసరా మరునాడు పనికి పోయాం. కోయిలకుంట్ల దారిలో ఒక నేతపల్లె. అక్కడ ఒక అక్క గుంట మగ్గం మీద చీరలు నేస్తుంది. భర్త నూలు కోసం ప్రొద్దుటూరు పోయాడు. మగ్గం కొట్టంలో పాత రేకులు తుప్పుపట్టి, జల్లెడల్లాగా అయిపోయాయి. అవి తీసేసి కొత్తవి వేయాలి. పండగకు మగ్గం ఆపిన రోజుల్లోనే ఆ పని జరగాలని ఆమె ముందే మాట తీసుకుంది.

లోపలికి పోయి చూస్తే మగ్గం మీద పడుగు పరిచి ఉంది. తెల్లటి పోగులు కొట్టం ఈ గోడ నుంచి ఆ గోడ దాకా బిగిసి ఉన్నాయి.

"ఇదేందక్కా, రేకులు తీస్తామంటే పడుగు పెట్టినావు?"

"పూజనాడు వట్టి మగ్గానికి బొట్టు పెట్టేది మా ఇంట్ల లేదప్పా. ముందుదినమే అతికించినా."

"అయితే తీసి పక్కన పెట్టు."

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "తీసేదానికి అదేమన్నా దండెం మీద చీరనా? ఒక్కొక్క పోగు ఏళ్లతో అతికించింది. దాన్ని తీసేది ఉండదు నాయనా, కోసేదే. మీది నుంచి నీళ్లు పడితే గంజి ఊడి, పోగులన్నీ ముద్ద అయితాయి. గుంటలోకి నీళ్లు దిగితే ఇంక చెప్పల్సిన పనే లేదు. ఈ పడుగు పోతే మళ్ల పడుగు దొరికేదాంక నేను గోడకు ఆనుకోని కూచునేదే."

"వాన యాడుండాది అక్కా ఈ సీమలో? నువ్వు అడిగినా రాదు" అన్నాను. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. నా మాట నమ్మి ఆమె సరేనంది. పాత రేకుల కొక్కీలు సుత్తితో కొట్టి, అన్నింటినీ పొద్దెక్కకముందే దించేశాం. మగ్గం మీద టార్పాలిన్ కప్పి, వంగిన పైపులు సరిచేస్తూ ఉండిపోయాం.

మధ్యాహ్నానికి తూర్పున ఏదో నల్లగా లేచింది. మొదట సిమెంటు ఫ్యాక్టరీ పొగ అనుకున్నాను. కానీ ఫ్యాక్టరీ ఆ దిక్కున లేదు. గాలి లేచి టార్పాలిన్‌ను ఎత్తుకుపోయి ఎదురింటి చింతచెట్టుకు కప్పింది. ఊరంతా కరెంటు పోయింది. అక్క బయటికొచ్చి మబ్బు వైపు చూసి, మా వైపు చూసింది.  

"పా రా, మగ్గం మీదివి ముందు వేద్దాం" అని పైకెక్కాను. కొత్త రేకు పరిచాం. సంచిలోంచి బ్యాటరీ తీసి నా మిషన్‌కు తగిలించబోయాను. ఎక్కలేదు. ఇంకోటి తీశాను. ఎక్కింది, మీట నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు. అప్పుడు చూశాను. ఒక్కదానికీ టేపు లేదు. అన్నీ ఒకే నలుపు, ఒకే పచ్చ ముఖం. కవలపిల్లల పెళ్లికి పోయి ఎవరు వరుడో తెలియనివాడిలా నిలబడ్డాను.

"ఒరే, టేపులేమైనాయిరా?"

"నన్నడిగితే? మీ ఇంటామెను అడుగు."

"ఆమె నీకు అక్క."

"పెళ్లాం అయినాక ఆమె ఇంటి సంగతి నువ్వే సూసుకోవల్ల బావా."

వాదించే టైము కాదు. ప్రతి బ్యాటరీని ప్రతి మిషన్‌కు పెట్టి చూశాం. గాడి పట్టనివి పక్కన పెట్టాం. పట్టినవాటితో మీట నొక్కాం. ఏదీ తిరగలేదు. బామ్మర్దికి ఓపిక పోయి జేబులోంచి కత్తి తీశాడు. "ఈ ప్లాస్టిక్ గట్టు కోసేస్తే దేంట్లోకైనా దూరుతాది" అన్నాడు. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. కోస్తే దూరుతుంది, నిజమే. రాగి నాలుకలు అటుదిటు తగిలి నిప్పు రేగితే కింద ఉన్నది నూలు.

అదే సమయానికి ఒక గాలి వచ్చింది. బిగించని రేకు లేచింది. దాని మీద కూర్చున్న బామ్మర్ది కూడా దానితోపాటే లేచాడు. వాడికి అక్కడి నుంచి ఎర్రగుంట్ల ఫ్యాక్టరీల గొట్టాలు కనిపించాయట. గండికోట కూడా కనిపించిందని నేనంటే వాడు ఒప్పుకోడు. నేను వాడి కాలు పట్టి లాగాను, రేకు తిరిగి పైపుల మీద పడింది. అక్క గడపలో నిలబడి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

"రాళ్లు పెడదామా అప్పా? మా మామ కాలంలో రాళ్లే పెడుతుండిరి."

"ఈ గాలికి రాళ్లు గూడా లేస్తాయి అక్కా, ఆ మీదట మన నెత్తిన పడతాయి."

చేతిలో ఉన్న బ్యాటరీని విసుగ్గా మోకాలి మీద తట్టాను. ప్యాంటు మీద ఎండిన పసుపు పెచ్చు ఒకటి రాలింది. ఇంకోసారి తట్టాను. ఇంకా రాలింది. చీలికలోకి కన్ను పెట్టి చూస్తే రాగి నాలుక కనపడటమే లేదు, పసుపు గడ్డకట్టి మూసేసింది. జతలు కలవక కాదు, కలిసినవి కూడా నోరు మూసుకుని ఉన్నాయి! కోపం రావాల్సింది. నాకు నవ్వొచ్చింది, అంత ఊరట కలిగింది. చెడిపోయినవాటిని బాగుచేయలేం. మురికి పట్టినవాటిని తుడవొచ్చు.

"అక్కా, పొడి బ్రష్షు ఏమన్నా ఉంటే ఇయ్యి!"

ఆమె పడుగుకు గంజి పట్టించే కుంచె తెచ్చింది, వాడనిది, కొత్తది. దానికీ పూజనాటి బొట్టు ఉంది. దాని కొసలతో నేనూ బామ్మర్దీ ఒక్కొక్క చీలికా గీకాం. అక్క కూడా నిచ్చెన కింద కూర్చుని ఒకటి గీకింది. "మీ ఇంటామె చెయ్యి శానా పెద్దది అప్పా, ఇంత పసుపు నా పెండ్లికి గూడా పూయలే" అంది. ఆ గాలిలో, ఆ భయంలో ముగ్గురం నవ్వాం.

నా మిషన్ గాడికి పట్టినవి రెండు. ఒకటి పెట్టి నొక్కాను. గుర్రుమంది! ఆ చప్పుడు కంటే మంచి పాట నేను వినలేదు. మగ్గానికి నేరుగా పైన ఉన్న రేకుకు వరసగా స్క్రూలు దించుకుంటూ పోయాను. ఆ రేకు అవతలి అంచుకు చేరేలోపు మిషన్ నీరసంగా మూలిగి ఆగింది. రెండోది పెడితే అదీ అంతే. ఉపాసం ఉండమన్నది నేనే కదా.

ఎదురింట్లో ఇన్వర్టరు ఉంది. ఛార్జర్ల నోళ్లు కూడా అదే కుంచెతో గీకి, పట్టుకుని అక్కడికి పరుగెత్తాం. నా బ్యాటరీది తేలిక. దాని ఛార్జరు పీటలా ఉంటుంది, పైన కూర్చోబెట్టాలి, వేరేదేదీ అందులో కూర్చోదు. ఒకటి పెట్టేశాం, దీపం వెలిగింది. చిక్కంతా మిగతా రెండింటితో వచ్చింది. వాడి పెద్ద మిషన్‌దీ, చిన్న డ్రిల్లుదీ ఒకే ఆకారం. రెండింటి ఛార్జర్లకూ ఒకే గుండ్రటి పిన్ను, అటుదిటు ఎక్కుతుంది. ఛార్జరు వెనక సన్నటి అక్షరాల్లో ఒకదానికి ఇరవై ఒక్క వోల్టులు అని, ఇంకోదానికి పన్నెండు దరిదాపుల్లో ఉంది. చిన్నదాన్ని పెద్ద ఛార్జరుకు పెడితే వేడెక్కి, ఉబ్బి, అంటుకోవచ్చు. పెద్దదాన్ని చిన్న ఛార్జరుకు పెడితే ఉగాది దాకా నిండదు.

బ్యాటరీల మీద ఏముందో చూశాం. ఒకదాని మీద బంగారు రంగులో ఎనభై ఎనిమిది అని ఉంది. ఇంకోదాని మీద నలభై ఎనిమిది.

"ఇంగేముంది బావా! ఎనభై ఎనిమిది పెద్దది, పెద్ద ఛార్జరుకు పెట్టు" అని పిన్ను పట్టుకుని ముందుకొచ్చాడు బామ్మర్ది.

"ఆగు. ఈ రెండు అంకెలూ అబద్ధం."

"నీకెట్ల తెలుసు?"

"అబద్ధాలు చెప్పేవాడిని నన్నడుగుతావేందిరా? లేనోడే ఎక్కువ చెప్పుకుంటాడు."

ఇది నా సొంత విద్య కాబట్టి ధీమాగా చెప్పాను. అయినా ఒక ఆధారం ఉంది. చచ్చిపోయిన బ్యాటరీలు పెద్దదొకటి, చిన్నదొకటి నేను ఇదివరకు విప్పి చూశాను. లోపల బొటనవేలంత సెల్లులు వరసగా ఉంటాయి. పెద్ద మిషన్‌దానిలో ఐదు. చిన్న డ్రిల్లుదానిలో మూడు. ఐదు సెల్లులు మామూలుగా పద్దెనిమిది వోల్టులు, కడుపు నిండా ఉంటే ఇరవై ఒకటి. అందుకే ఒక కంపెనీ పద్దెనిమిది అని రాస్తే ఇంకో కంపెనీ ఇరవై అని రాస్తుంది, లోపల సరుకు ఒక్కటే. ఎనభై ఎనిమిది కావాలంటే ఆ డబ్బాలో పట్టేన్ని సెల్లులు కాదు, తట్టలో మోసుకుపోవాలి.

రెండింటినీ చెరో అరచేతిలో పెట్టుకుని, అంగట్లో కలింగర కాయల్ని, అదే పుచ్చకాయల్ని, చూసినట్టు ఎత్తి చూశాను. ఎనభై ఎనిమిది అన్నది తేలిగ్గా ఉంది. నలభై ఎనిమిది అన్నది బరువుగా ఉంది. బామ్మర్ది చేతుల్లో పెట్టాను. వాడు కళ్లు మూసుకుని రెండుసార్లు మార్చి చూసి, "అబ్బో, నీకంటే పెద్దోడున్నాడు బావా ఈడ" అన్నాడు. బరువైనదాన్ని వాడి మిషన్‌కు తగిలించి నొక్కితే, మిగిలిన కాస్త ఊపిరితోనే గట్టిగా ఒక చుట్టు తిరిగింది. తేలికదాన్ని పెడితే ముక్కుతూ కదిలింది. ఇంక అనుమానం లేదు. బరువైనదాన్ని ఇరవై ఒకటికి పెట్టాం. ముట్టుకుని చూస్తూ నిలబడ్డాం, వేడెక్కలేదు. ఎనభై ఎనిమిదిని పక్కన కూర్చోబెట్టాను, దానితో ఈ పూట పనిలేదు.

ఛార్జింగు ఎక్కుతుంటే మబ్బు కూడా దగ్గరికి ఎక్కుతూ వచ్చింది. కాస్త నిండిన బ్యాటరీ తీసుకుని పోవడం, ఉన్నన్ని స్క్రూలు దించడం, అది ఆగగానే ఇంకోటి తెచ్చుకోవడం. బామ్మర్ది ఒకవైపు, నేను ఒకవైపు. కింద అక్క ఎదురింటికీ కొట్టానికీ మధ్య బ్యాటరీలు మోస్తోంది, కొంగులో పెట్టుకుని, పసిబిడ్డల్ని మోసినట్టు. చివరికి ఏది ఆకుపచ్చదానిదో ఏది పసుపుదానిదో మా కంటే ఆమెకే బాగా గుర్తుంది. "ఇది నీది, ఇది బామ్మర్దిది, అది మీ ఎనభై ఎనిమిది అబద్ధాలాయప్ప" అని అందించేది.

ఆఖరి రేకుకు ఆఖరి స్క్రూ దించుతుండగా నా మెడ మీద చుక్క పడింది. ఇద్దరం నిచ్చెన మీంచి జారినట్టే దిగి కొట్టంలోకి దూరాం. పైన రేకుల మీద వాన విరుచుకుపడింది. మాటలు వినపడనంత చప్పుడు. ముగ్గురం మగ్గం చుట్టూ నిలబడి తలలెత్తి చూస్తున్నాం, ఏ స్క్రూ పక్కనుంచి కారుతుందోనని. ఎక్కడా కారలేదు. అక్క అరచెయ్యి వెల్లకిలా తిప్పి, చేతివెనక భాగంతో పడుగును ఆ చివర నుంచి ఈ చివర దాకా తడుముకుంటూ వచ్చింది. పొడిగా ఉంది. ఆమె గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, ఒక పెద్ద ఊపిరి వదిలింది. నేనూ అప్పుడే వదిలాను.

ఒట్టు వేశాను కాబట్టి ఇప్పుడు ఒప్పుకోవాలి. ఇందులో ఒకటి కల్పించాను. ఆ పూట వాన రాలేదు. మా మెడల మీద చుక్క కూడా పడలేదు. ఆ మబ్బు మా నెత్తి మీదికి వచ్చి, మేం ఆఖరి స్క్రూ దించేదాకా చూసి, నంద్యాల దిక్కుకు వెళ్లిపోయింది. మేం దిగి వచ్చి గడపలో కూర్చుంటే అక్క బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టింది. "ఇంత తొందరపెట్టి ఏమాయె?" అని బామ్మర్ది గొణిగాడు. బామ్మర్ది ఎగిరిన ఎత్తు సంగతి నన్ను అడగొద్దు, వాణ్ణే అడగండి. పసుపూ, బ్యాటరీలూ, ఎనభై ఎనిమిదీ అన్నీ జరిగినవే.

వాన వచ్చింది నిజమే, కానీ కొన్నాళ్ల తర్వాత, నేను ఎర్రగుంట్లలో అన్నం తింటున్నప్పుడు. అక్క ఫోను చేసింది. "తమ్ముడూ, ఈడ కుండపోత. కొట్టంలోనే ఉండా. పడుగు మీద చెయ్యి పెట్టి సూసినా, పొడిగ ఉండాది. ఇను" అని ఫోను రేకుల వైపు ఎత్తి పట్టుకుంది. నాకు బరబరమని ఒక్క చప్పుడే వినిపించింది, పోపులో నీళ్లు పోసినట్టు. అయినా ఆమె మళ్లీ మాట్లాడేదాకా చెవి దగ్గరే పెట్టుకున్నాను. ఆ వాన కింద నేనూ ఉండాల్సిందని అనిపించింది. అందుకే దాన్ని తెచ్చి ఆ మధ్యాహ్నంలో కురిపించాను.